ఒకే కంప్యూటర్‌లో రెండు వర్డ్‌లు: స్టార్ట్ మెనూ సర్దుకునే తీరు

స్టార్ట్ మెనూలో కనిపించే ‘వర్డ్’ బొమ్మ అసలు వర్డ్ కాదు. వర్డ్ ఎక్కడుందో చూపించే బోర్డు మాత్రమే. గుత్తి దగ్గర హైవే మీద ‘తాడిపత్రి’ అని రాసిన బోర్డు పీకేసినా తాడిపత్రి ఎక్కడికీ పోదు. బోర్డు మీద పేరు తప్పు రాస్తే మాత్రం లారీ వేరే దారి పడుతుంది. 1995లో విండోస్ 95తో స్టార్ట్ మెనూ వచ్చినప్పటి నుంచి ఈ బోర్డులను షార్ట్‌కట్లు అంటున్నారు. ఒక్కోటి చిన్న ఫైలు. దాన్ని తొలగించినా, పేరు మార్చినా, వేరే ఫోల్డర్‌లో పెట్టినా ప్రోగ్రామ్‌కు ఏమీ కాదు.

ఇంట్లో ఒక్క వర్డ్ ఉన్నవారికి ఈ సర్దుబాటుతో పని లేదు. గుత్తి లాంటి ఊళ్లలో డీటీపీ సెంటర్లు, జిరాక్సు అంగళ్లు, దస్తావేజులు రాసేవారి సంగతి వేరు. పాత క్రయపత్రాలు, భాగపరిష్కారాలు, పెళ్లి పత్రికలు అను ఫాంట్లలో టైపు చేసి ఏళ్లుగా దాచి ఉంటాయి. అను లాంటి పాత ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను కూర్చుకున్నవి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. ఇప్పుడు మెయిల్‌లో, వాట్సాప్‌లో వచ్చేవి చాలావరకు యూనికోడ్ తెలుగులో ఉంటున్నాయి. అందుకే ఒకే కంప్యూటర్‌లో పాత వర్డ్, కొత్త వర్డ్ రెండూ ఉంచుకోవాల్సి వస్తుంది.

ఏది తెరిస్తే ఏముందిలే అనుకోవడానికి లేదు. వర్డ్ 2007తో ఫైలు పద్ధతే మారి ‘డాక్‌ఎక్స్’ వచ్చింది. పాత ఫైలును కొత్త వర్డ్‌లో తెరిచి, మార్చి, కొత్త పద్ధతిలో సేవ్ చేస్తే వరుసలు విరిగే చోటు మారవచ్చు. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి ఫాంటుకు, విండోస్ 8తో వచ్చిన నిర్మలా ఫాంటుకు అక్షరాల కొలతే వేరు. మామూలు ఉత్తరంలో ఒక వరుస జారితే నష్టం లేదు. స్టాంపు కాగితం మీద పైన ఇంత చోటు వదిలి, హద్దుల షెడ్యూలు ఫలానా పేజీలోనే రావాలని కొలిచి పెట్టుకున్న దస్తావేజులో ఒక్క వరుస జారినా ఆస్తి వివరం పక్క పేజీకి వెళ్తుంది. స్టాంపు కాగితం పాడైతే ఆ ఖర్చు అంగడివారి మీద పడుతుంది, లేదా రైతు మీద పడుతుంది. మెనూలో సరైన వర్డ్‌ను పోల్చుకోవడం వీరికి అలంకారం కాదు, అవసరం.

చిక్కంతా ఒక్కో వెర్షన్ తన షార్ట్‌కట్లను ఒక్కో తీరులో పెట్టడంతో వస్తుంది. ఆఫీస్ 2003, 2007, 2010 మూడూ ‘మైక్రోసాఫ్ట్ ఆఫీస్’ అనే ఒకే ఫోల్డర్‌లో చేరి కలిసిపోతాయి. 2013 సంవత్సరం పేరుతో సొంత ఫోల్డర్ పెట్టుకుంది. 2016లో ఫోల్డర్ పోయి ‘వర్డ్ 2016’ నేరుగా అక్షరాల వరుసలోకి వచ్చింది. 2019 నుంచి సంవత్సరం కూడా పోయింది, ఉత్త ‘వర్డ్’ మిగిలింది.

సర్దడం కష్టం కాదు. విండోస్ 10లో గానీ 11లో గానీ మెనూలోని షార్ట్‌కట్ మీద మౌస్ కుడి మీట నొక్కి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ ఎంచుకుంటే అది ఉన్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. అక్కడ ‘ఆఫీస్ 2003 - అను’, ‘ఆఫీస్ 2019 - యూనికోడ్’ లాంటి పేర్లతో ఫోల్డర్లు చేసి షార్ట్‌కట్లను వాటిలోకి మార్చాలి. పేరులో సంవత్సరంతో పాటు పని కూడా ఉంటే అంగట్లో కొత్తగా చేరిన పిల్లలు కూడా తడబడరు. ఫోల్డర్‌లో మళ్లీ ఫోల్డర్ పెట్టడం దండగ: మెనూ లోపలి అంతస్తును చూపించదు, అన్నిటినీ ఒకే వరుసలో పరుస్తుంది. ఈ షార్ట్‌కట్లు రెండు చోట్ల ఉంటాయి. ఒకటి కంప్యూటర్ వాడే అందరికీ ఉమ్మడి, రెండోది ఒక్కో వాడుకరికి విడి. ఉమ్మడి చోట మార్పు చేయాలంటే అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి.

షార్ట్‌కట్ ఏ వర్డ్‌దో తెలియకపోతే దాని ప్రాపర్టీస్‌లో ‘టార్గెట్’ చూడాలి. దారిలో ‘ఆఫీస్11’ ఉంటే అది 2003, 12 అయితే 2007, 14 అయితే 2010, 15 అయితే 2013. మైక్రోసాఫ్ట్ 13ను వదిలేసింది. 2016, ఆ తర్వాత వచ్చినవన్నీ 16లోనే ఉన్నాయి. పాత ఆఫీసుల షార్ట్‌కట్లలో ఈ టార్గెట్ గడి మసకబారి, మార్చడానికి వీల్లేకుండా ఉంటుంది. అప్పుడు ‘ఆఫీస్11’ ఫోల్డర్‌లోకి వెళ్లి, ‘విన్‌వర్డ్’ అనే ప్రోగ్రామ్‌కు కొత్త షార్ట్‌కట్ చేసుకోవడమే మేలు.

మెనూ ఎంత చక్కగా ఉన్నా ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఈ సర్దుబాటంతా పక్కకు పోతుంది. విండోస్ తనకు గుర్తున్న వర్డ్‌నే తెరుస్తుంది, అది ఎక్కువగా చివరగా ఎక్కించినది. అందుకే పాతదాన్ని ముందు, కొత్తదాన్ని తర్వాత ఎక్కించాలి. పాత దస్తావేజును ఎప్పుడూ మెనూలోంచి 2003ను తెరిచి, అందులోంచే ‘ఓపెన్’ చేయాలి. ఔట్‌లుక్ మాత్రం రెండు వెర్షన్లుగా కలిసి ఉండదు. 2016 తర్వాతి ఆఫీసుల్లో క్లిక్-టు-రన్ పద్ధతిలో ఎక్కేవి కూడా ఒకదాని పక్కన ఇంకొకటి ఉండవు.

ఆఫీస్ 2003కి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. 2016, 2019లకు 2025 అక్టోబరు 14తో ముగిసింది. బయటి ఫైళ్లను సవరించే వీలు లేకుండా తెరిచి చూపించే రక్షణ 2010తో వచ్చింది, 2003లో అది లేదు. కాబట్టి మెయిల్‌లో వచ్చిన దేన్నీ పాత వర్డ్‌లో తెరవకూడదు. పాత వర్డ్‌ను సొంత పాత ఫైళ్లకే వాడి, మళ్లీ పని పడిన ప్రతి దస్తావేజునూ యూనికోడ్‌లోకి మార్చుకుంటూ పోవాలి. ఆ పని పూర్తయ్యాక 2003ను కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేయవచ్చు. చేత్తో చేసిన షార్ట్‌కట్లు దాంతో పోవు, వాటిని విడిగా తొలగించాలి.