మా అబ్బాజాన్ కలం

జుమా నమాజు ముగిశాక ఖబ్రస్తాన్‌కు వెళ్ళి, తండ్రి సమాధి వద్ద నిలబడి దుఆ చేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. మేమూ వెళ్తుంటాము. చేతులెత్తిన ప్రతిసారీ మాకు ముందుగా గుర్తుకు వచ్చేది అబ్బాజాన్ కుడిచేతి మధ్యవేలు. కలం ఒత్తిడికి ఆ వేలి పక్కన కాయ కాచింది. అక్కడి సిరా మరక ఎన్నిసార్లు వుజూ చేసినా పూర్తిగా పోయేది కాదు.

అబ్బాజాన్ కాతిబ్. అంటే ఉర్దూ పత్రికను చేతితో రాసే లేఖకుడు. నేటి యువతకు ఈ వృత్తి పేరు కూడా తెలియకపోవచ్చు. తెలుగు పత్రికలకు సీసపు అక్షరాలు కూర్చి అచ్చువేసే రోజులవి. ఉర్దూ నస్తాలీఖ్ లిపి మాత్రం ఆ కూర్పుకు సులభంగా లొంగేది కాదు. పక్కనున్న అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరమూ రూపం మార్చుకుంటుంది. పదం వాలుగా కిందికి దిగుతుంది. అందుకే 1949లో మొదలైన సియాసత్ వంటి హైదరాబాద్ ఉర్దూ పత్రికలు దశాబ్దాల పాటు కాతిబుల చేతుల మీదుగానే వెలువడ్డాయి.

అబ్బాజాన్ 1962లో ఒక దినపత్రికలో చేరారు. జుహర్ తర్వాత ఇంటినుంచి బయలుదేరితే, పని ముగిసేసరికి అర్ధరాత్రి దాటేది. నేలమీద కూర్చుని, ఒక మోకాలు పైకి మడిచి, దానికి అట్ట ఆనించుకుని రాసేవారు. తొలిరోజుల్లో పసుపు పూత పూసిన కాగితంపై జిడ్డు సిరాతో రాసి, ఆ రాతను లిథో రాతి మీదికి ఎక్కించేవారు. రాతిపై తప్పు కనిపిస్తే సంగ్‌సాజ్ అనే పనివాడు అద్దంలో కనిపించినట్లు అక్షరాన్ని తిరగేసి రాసి దిద్దేవాడు.

ఆయనకు కలమే ప్రాణం. రెల్లు కలాన్ని చాకుతో చెక్కి, కొసను ఏటవాలుగా ఒక్క వేటుతో కోసేవారు. దీనినే ఖత్ అంటారు. ఆ కొస కాగితంపై వేసే చుక్క నుక్తా. అక్షరాలకు అదే కొలబద్ద. అలిఫ్ ఎత్తు మూడు నుక్తాలు. కలం ఎక్కువ సిరా తాగకుండా దవాతులో పట్టుపీచు వేసి ఉంచేవారు. సెలవునాడు మమ్మల్ని ఎదుట కూర్చోబెట్టుకుని, ముల్తానీ మట్టి పూసిన తఖ్తీపై అలిఫ్, బే దిద్దించేవారు. హైదరాబాద్ రేడియోలో ఉర్దూ కార్యక్రమం ‘నైరంగ్’ వస్తున్నంతసేపూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. అది ఆయన మరో ముచ్చట.

ఉర్దూలో ఒక్క చుక్క అదనంగా పడితే ‘దుఆ’ కాస్తా ‘దగా’ అవుతుంది. ఒకసారి ఒక మరణవార్తలో మృతుని పేరు మీది నుక్తాను అబ్బాజాన్ మరిచారు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు. అయినా ఫజ్ర్ నమాజు చేసుకుని, సైకిల్‌పై ఆ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, మృతుని కుమారుణ్ణి క్షమాపణ అడిగి వచ్చారు. “ఒక్క చుక్కకు అంతదూరం వెళ్ళాలా?” అని అమ్మీ అడిగింది. “పత్రికలో ఆయన పేరు రావడం అదే ఆఖరు. దిద్దడానికి మళ్ళీ అవకాశం ఎక్కడిది?” అన్నారు అబ్బాజాన్.

జీతం అంతంతమాత్రం. పెళ్ళిళ్ళ రోజుల్లో ఛత్తా బజార్ ప్రెస్సులకు షాదీ రుఖాలు రాసిస్తే నాలుగు డబ్బులు వచ్చేవి. స్వహస్తాల కష్టంతో సంపాదించిన తిండికి మించిన తిండి లేదనీ, దావూద్ ప్రవక్త (అ) కూడా తన చేతి కష్టంపైనే జీవించారనీ హదీసులు మనకు బోధిస్తాయి. అటువంటి తిండి తిని మేము పెరిగాము.

1981లో లాహోర్‌లో జంగ్ పత్రిక నూరీ నస్తాలీఖ్ అక్షరాలతో కంప్యూటర్ సాయంతో వెలువడింది. 1994లో ఇన్‌పేజ్ వచ్చాక మన దేశంలోనూ కాతిబుల గదులు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. 1996లో అబ్బాజాన్ వంతు వచ్చింది.

అప్పటికి మాకు కొత్తగా ఉపాధ్యాయ ఉద్యోగం దొరికింది. ఆయనను సంతోషపెట్టాలనే ఉద్దేశంతోనే, “అబ్బా, మీ పని ఇప్పుడు మిషనే చేస్తోంది కదా! ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి. ఇల్లు మేము చూసుకుంటాము” అన్నాము. ఆయన బదులివ్వలేదు. కలాలు కడిగి, ఆరబెట్టి, గుడ్డలో చుట్టి అల్మారాపై పెట్టారు. ఆ మౌనాన్ని మేము అంగీకారమనుకున్నాము. ఆరేళ్ళు ఆ మూట కిందికి దిగలేదు. అబ్బాజాన్ మాటలూ తగ్గిపోయాయి. వయసు మీదపడిందని సరిపెట్టుకున్నాము.

2002లో మా మొహల్లా మద్రసా పిల్లల చేతిరాత చూసి దిగులుపడి, “అబ్బా, వీళ్ళకు మీరు తఖ్తీ నేర్పుతారా?” అని అడిగాము. మరునాడు అస్ర్ వేళకు ఆయన మాకంటే ముందే అక్కడ ఉన్నారు. చేతిలో ఆ మూట ఉంది. ఇంటికి తిరిగి వస్తూ, “ఈ మాట అడగడానికి ఆరేళ్ళు పట్టిందా, బేటా?” అన్నారు. ఆ ప్రశ్నకు నేటికీ మా దగ్గర జవాబు లేదు. రెండేళ్ళు నేర్పారు. ఆపైన చూపు మందగించింది. 2009లో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు.

మనిషి చనిపోయాక కూడా పుణ్యం అందుతూ ఉండే మార్గాలలో, అతడు నేర్పిపోయిన ప్రయోజనకరమైన విద్య ఒకటని దైవప్రవక్త (స) తెలియజేశారు. మా మద్రసా తలుపుపై ఉన్న పేరు అబ్బాజాన్ శిష్యుడొకడు రాసినదే. అలిఫ్ సరిగ్గా మూడు నుక్తాలు ఉంటుంది.

సోదరులారా! తల్లిదండ్రుల సేవ అంటే తిండి, మందులు అని మాత్రమే తలుస్తాము. మీ తండ్రి దర్జీ కావచ్చు, నేతగాడు కావచ్చు, కంసాలి కావచ్చు. మిషను వచ్చి ఆయన పనిని తీసుకుపోయిన రోజున “ఇక విశ్రాంతి తీసుకోండి” అనకండి. ఎదుట కూర్చుని “నాకు నేర్పండి” అని అడగండి. అడిగే అవకాశం ఎల్లకాలం ఉండదు.

అల్లాహ్ మా అబ్బాజాన్‌కు, మనందరి తల్లిదండ్రులకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక! ఆమీన్.