ఇంటి సబ్బు రంగు మారుటకు పరిమళమే కారణము

పల్లెలలోని మహిళా సంఘములు అప్పు తీసికొని చేపట్టదగిన చిన్న పరిశ్రమలలో సబ్బు తయారీ యొకటి. వికారాబాదు జిల్లా నవాబుపేట మండలము వలె హైదరాబాదునకు చేరువగా నున్న ప్రాంతములలో దీనికి మఱింత అవకాశము గలదు. పెట్టుబడి స్వల్పము. పెద్ద యంత్రములు అక్కఱలేదు. నూనె, కాస్టిక్ సోడా, నీరు, కొంచెము పరిమళము ఉన్నచో పని మొదలగును. అయితే ఈ వృత్తిలో క్రొత్తవారిని కలవరపెట్టు చిక్కు ఒకటి కలదు. అచ్చునుండి తీసిన నాడు వెన్నవలె తెల్లగా నున్న సబ్బు రెండు మూడు వారములలో గోధుమరంగునకు, ఒక్కొక్కప్పుడు తుమ్మబంక రంగునకు మారిపోవును.

ఇది చూచుటకు చిన్న సంగతియే. దాని ఫలితము మాత్రము చిన్నది కాదు. కొన్నవారు “పాత సరుకు అంటగట్టినారు” అని తిరిగి తెత్తురు. సంఘములో ఒకరినొకరు అనుమానింతురు: నూనె మార్చినదెవరు? తూకము తప్పినదెవరు? సరుకు నిలిచిపోయినను బ్యాంకు కిస్తీ నిలువదు. తుదకు ఆ తగవు పంచాయతీ సభ్యుల యొద్దకే వచ్చును. కావున ఇందలి నిజమును సభ్యులు ముందుగా నెఱిగియుండుట మేలని తలంచి ఈ విషయమును వివరించుచున్నాము.

పసుపులో సున్నము కలిపిన ఎఱ్ఱబడునని మన యింటి ఆడువారికి నేర్పనక్కఱలేదు. పారాణి అట్లు పుట్టినదే. పసుపు చెడలేదు, సున్నము చెడలేదు. పసుపులోని వర్ణద్రవ్యమునకు క్షారము తగిలి రంగు మారినది. సబ్బు గూడ క్షారగుణము గలదియే. అందుచే పసుపు వేసిన సబ్బు ముద్ద మొదట ఎఱ్ఱబారి, ఆరుకొలది నారింజ, గోధుమ వర్ణములకు దిగును. పరిమళ ద్రవ్యముల విషయము కొంతవఱకు ఇట్టిదే. అవి రంగులేని నూనెలవలె కనిపించినను, వానిలోని కొన్ని పదార్థములు సబ్బులోని క్షారముతోను, గాలిలోని ప్రాణవాయువుతోను కలిసి మెల్లమెల్లగా రంగు దేలును. పారాణి క్షణములో ఎఱ్ఱబడును. ఈ మార్పునకు దినములు, వారములు పట్టును. అందుచేతనే తయారు చేసినవారికి కారణము తోచదు.

ఇందులో ప్రధాన దోషి వానిలిన్. ఐస్‌క్రీములకు, బిస్కత్తులకు తీపి వాసన నిచ్చు వెనిల్లా కాయలోని సారమిది. 1858లో ఫ్రాన్సు దేశమున దీనిని కాయనుండి వేరుచేసిరి. 1874లో జర్మనీ శాస్త్రజ్ఞులు కృత్రిమముగా చేయుట కనుగొనిరి. అప్పటినుండి ఇది చౌకబడి పరిమళముల వ్యాపారములో అంతటను వ్యాపించినది. సబ్బులో వానిలిన్ పాలు హెచ్చినకొలది రంగు ముదురును. కొంచెమున్నచో లేత మీగడ రంగు; పరిమళములో నూటికి పదిపాళ్లు దాటినచో ముదురు గోధుమ వర్ణము. గాలి తగులు పైభాగము ముందుగాను, లోపలి భాగము తరువాతను మారును. ఎండ, వేడిమి దీనిని త్వరపఱచును.

సీసాపై వెనిల్లా అను పేరు లేకున్నంత మాత్రమున నిశ్చింతగా నుండరాదు. చందనము, అంబరు మొదలగు పేర్లతో విక్రయింపబడు కృత్రిమ పరిమళములలో గూడ తీపిదనము కొఱకు వానిలిన్ కలుపుట పరిపాటి. లవంగ తైలములోని యూజినాల్ సబ్బును గోధుమరంగునకు త్రిప్పును. మల్లెపూల సారములోని ఇండోల్ కూడ అంతే. నిమ్మగడ్డి తైలములోని సిట్రాల్ పసుపుచాయ నిచ్చును. దీనికి భిన్నముగా, పామరోజా యని పిలువబడు రూసాగడ్డి తైలములో జెరానియాల్ అను పదార్థము అధికము. కావున సబ్బు తెలుపును అది అంతగా చెఱుపదు. కర్పూరము గూడ అట్టిదే. తెల్లని సబ్బే కావలయునన్న సంఘములు వీనితో ప్రారంభించుట యుక్తమని మా అభిప్రాయము.

ఇచ్చట ఒక భేదము గుర్తింపవలెను. తగవు తీర్చువారికి ఇది ముఖ్యము. పరిమళము వలన కలుగు రంగు సబ్బంతటను సమముగా వ్యాపించును. వాసన యథాప్రకారముగా నుండును, నురుగు తగ్గదు. ఇట్టి సబ్బు రంగు మారినంత మాత్రమున చెడినది కాదు. అట్లుగాక నారింజరంగు మచ్చలు అక్కడక్కడ పుట్టి, ముక్కిన నూనె కంపు కొట్టినచో అది వేఱు జబ్బు. నూనె పాతదైనను, సబ్బుగా మారని నూనె అధికముగా మిగిలినను, ఇనుము, రాగి వంటి లోహముల అంశము చేరినను ఆ మచ్చలు వచ్చును. మొదటిది పరిమళపు గుణము, రెండవది సరుకు లోపము. ఈ రెంటిని ఒకే గాట కట్టి సంఘమును నిందించుట న్యాయము కాదు.

నివారణ కొనుగోలు నాడే ప్రారంభము కావలెను. పరిమళము అమ్ము వర్తకుని రెండు సంగతులు అడుగవలెను: ఇందులో వానిలిన్ నూటికెంత? సబ్బులో దీనిని నూటికెంతవఱకు వాడవచ్చును? మంచి వర్తకులు ఈ వివరములు గల పత్రము నిత్తురు. పత్రము లేదన్నవాని యొద్ద పెద్ద సీసా కొనుట సంఘపు సొమ్మును పందెమొడ్డుటయే.

అటుపిమ్మట పరీక్ష. నూఱు గ్రాముల నూనెతో చిన్న ముద్ద చేసి రెండు భాగములుగా విడదీయవలెను. ఒకదానికి పరిమళము కలుపరాదు. రెండవదానికి అసలు సరుకులో వాడదలచిన పాళ్లలోనే కలుపవలెను. నూఱు గ్రాముల నూనెకు మూడు గ్రాములన్నచో, ఈ సగమునకు ఒకటిన్నర గ్రాము. తరువాత ఒక్కొక్క బిళ్లను రెండు ముక్కలు చేసి, ఒక ముక్కను పెట్టెలోను, ఒకదానిని వెలుతురు తగులు కిటికీ యొద్దను ఉంచి, పైన తేదీ వ్రాయవలెను. నాలుగు వారములకు నాలుగు ముక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో రంగు తెచ్చినది నూనెయా, పరిమళమా, వెలుతురా అన్నది తేటతెల్లమగును. చల్లని పద్ధతిలో చేసిన సబ్బును ఎట్లును నాలుగు నుండి ఆఱు వారములు ఆరబెట్టవలసియే యుండును. రంగు మార్పులో అధికభాగము ఆ గడువులోనే బయటపడును. తొందరపడి పదవనాడే సంతకు తీసికొనిపోవువారికే ఈ చిక్కు ఎక్కువ.

రంగు నిలుపుదలకని బజారులో కొన్ని ద్రావకములు అమ్ముదురు. సిద్ధముగా దొరకు సబ్బుగడ్డను కరిగించి పోయు పద్ధతిలో అవి కొంతకాలము పనిచేయును; కాస్టిక్ సోడాతో నూనెను సబ్బుగా మార్చు పద్ధతిలో వానిని నమ్ముకొనరాదు. టైటానియం డయాక్సైడ్ అను తెల్లని పొడి రంగును పలుచన చేయునే గాని మార్పును ఆపలేదు. పరిమళపు పాలు తగ్గించినచో రంగు తగ్గును, వాసనయు తగ్గును.

వెనిల్లా వాసనకే గిరాకి యున్నచో రంగుతో పోరాడుటకంటె దానిని అంగీకరించుట తెలివి. కాఫీ రంగు సబ్బుగానే దానిని అమ్మవచ్చును. ముద్దలో సగమునకు మాత్రమే పరిమళము కలిపి రెండు రంగుల చారలుగా పోయుటయు కలదు. చూచుటకు ముచ్చటగా నుండును గాని, వానిలిన్ మెల్లగా ప్రక్క తెల్లచారలోనికి ప్రాకునని మఱువరాదు. నెలలు నిలువ యుండు సరుకునకు ఇది పనికిరాదు.

కాస్టిక్ సోడా విషయమున ఒక హెచ్చరిక. ఒక కిలో కొబ్బరినూనెను పూర్తిగా సబ్బుగా మార్చుటకు సుమారు 183 గ్రాముల సోడా పట్టును. వేరుశనగ నూనెకు 136 గ్రాములే చాలును. నూనె మార్చి తూకము మార్చనిచో మిగిలిన సోడా చర్మమును కాల్చును, రంగును గూడ చెఱచును. సోడాను నీటిలో వేయవలెను గాని సోడాపై నీరు పోయరాదు. అల్యూమినియము గిన్నె వాడరాదు. పిల్లలను దూరముగా నుంచవలెను. ఇట్టి పనిని చూచి నేర్చుకొనుటయే క్షేమము. రాజేంద్రనగరులోని జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీ రాజ్ సంస్థకు చెందిన గ్రామీణ సాంకేతిక పార్కు ఇంటి తయారీ వస్తువులలో శిక్షణలు జరిపిన సంస్థ. సుగంధపు గడ్డిజాతుల సాగు, తైలముల విషయమున బోడుప్పల్‌లోని సీమ్యాప్ పరిశోధన కేంద్రమును సంప్రదింపవచ్చును.

అమ్మకమునకు చేయు స్నానపు సబ్బు చట్టరీత్యా సౌందర్య సాధనము. 1982 సవరణకు పూర్వము 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనముల చట్టపు నిర్వచనములో సబ్బు చేరలేదు. ఆ సవరణతో చేరినది. 2020 నియమావళి ప్రకారము తయారీకి రాష్ట్రాధికారుల లైసెన్సు అవసరము. సంఘము అప్పు కొఱకు తీర్మానము చేయునప్పుడే ఈ ఖర్చును, వ్యవధిని లెక్కలో చేర్చునట్లు సభ్యులు చూడవలెను. చుట్టు కాగితముపై తయారీ తేదీ, నూనెల పేర్లు వ్రాయునప్పుడు ఇంకొక వాక్యము చేర్చినచో చాల తగవులు సంతలోనే సమసిపోవును: “ఇందలి పరిమళము వలన సబ్బు క్రమముగా గోధుమరంగు పొందును.”