గురువుకు రాని వాద్యం

1978వ సంవత్సరం. గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలు జరుగుతున్నాయి. వేదికపై కూర్చున్న కళాకారుని వయస్సు తొమ్మిదేళ్లు. అతని ఒడిలో ఉన్నది వీణ కాదు. గిటారుకు దగ్గరి చుట్టమైన మాండొలిన్. సినిమా పాటలకు పనికివచ్చే ఆ విదేశీ వాద్యానికి కర్ణాటక సంగీత కచేరీలో అప్పటికి పీట లేదు. దానికి పీట వేయించినవాడు ఆ బాలుడే. అతని పేరు ఉప్పలపు శ్రీనివాస్.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఆరేళ్ల ప్రాయంలో కుమారుడు ఇంట్లోని మాండొలిన్‌ను చేతికి తీసుకున్నాడు. అతని నేర్పు గమనించిన తండ్రి కొత్త వాద్యం కొని ఇచ్చి, తానే తొలి పాఠాలు చెప్పాడు. గిటారు వాద్యకారుడు వాసూరావు పాశ్చాత్య సంగీతాన్ని పరిచయం చేశాడు. ఆ తరువాత తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు ఆ బాలుని శిష్యునిగా స్వీకరించారు.

సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులు, గాయకులు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు. అందుచేత ఆయన కృతిని పాడేవారు. శిష్యుడు విన్నదానిని తీగలపై పలికించేవాడు. వేలు ఎక్కడ ఉంచాలో, తీగను ఎంత లాగాలో చెప్పేవారు లేరు. అనుకరించడానికి మరొక మాండొలిన్ విద్వాంసుడూ లేడు. అతని ఎదుట ఉన్న ఆదర్శం గురువు కంఠం ఒక్కటే.

అయితే వాద్యం అంత సులభంగా లొంగేది కాదు. సాధారణ మాండొలిన్‌కు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటిన నాదం క్షణంలో ఆరిపోతుంది. కర్ణాటక సంగీతానికి ప్రాణమైన గమకం పలకాలంటే స్వరం నిలవాలి, ఊగాలి, ఒక స్థానం నుండి మరొక స్థానానికి జారాలి. శ్రీనివాస్ జంట తీగలను విడిచి అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌ను ఎన్నుకున్నాడు. ఒంటి తీగ లాగడానికి అనువైనది. విద్యుత్ సహాయంతో నాదం ఎక్కువసేపు నిలుస్తుంది.

కుటుంబం మద్రాసుకు తరలి వెళ్లింది. 1981లో, పన్నెండేళ్ల వయస్సులో, ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ డిసెంబరు ఉత్సవాలలో అతడు ఆ నగర రసికుల ఎదుట వాయించాడు. విదేశీ వాద్యాన్ని శంకించడం అక్కడ సహజమే. అయితే వయొలిన్ కూడా పరదేశం నుండే వచ్చింది. సుమారు రెండు వందల ఏళ్ల క్రితం బాలుస్వామి దీక్షితుల వంటివారు దానిని మన సంగీతానికి మలిచారు. వయొలిన్‌ను అక్కున చేర్చుకున్న సంప్రదాయం మాండొలిన్‌నూ కాదనలేకపోయింది.

1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో పాల్గొనేనాటికి శ్రీనివాస్‌కు పద్నాలుగేళ్లు. 1995లో గిటారు విద్వాంసుడు మైకేల్ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్' ఆల్బమ్ వెలువరించారు. ప్రసిద్ధ గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్‌లతో 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించారు. 1998లో పద్మశ్రీ లభించింది. బాలమేధావులలో ఎందరి వెలుగో బాల్యంతోనే ఆరిపోతుంది. ఆయన విద్య మాత్రం వయస్సుతోపాటు పెరిగింది.

2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే, శ్రీనివాస్ చెన్నైలో కన్నుమూశారు. ఆయన తమ్ముడు రాజేష్ కూడా మాండొలిన్ విద్వాంసుడే. వేలు ఎక్కడ ఉంచాలో చూపడానికి, తమ్మునికి ఇంట్లోనే అన్న ఉన్నాడు.