దవడ కీలు నొప్పి: తొందరపడి పన్ను పీకించకండి!

ఆవులిస్తే చెవి ముందు 'టక్' మనడం, పొద్దున్న లేవగానే దవడలు పట్టేసినట్టుండటం, జంతిక కొరికితే కణత దాకా నొప్పి పాకడం చాలామందికి అనుభవమే. ఆడవారిలో ఈ బాధ మరీ ఎక్కువ. కొందరు చెవి డాక్టరు దగ్గరకు వెళతారు, చెవిలో ఏమీ కనపడదు. మరికొందరు పన్ను పీకించుకుంటారు, నొప్పి మాత్రం పోదు. ఎందుకంటే ఆ నొప్పి పుట్టిల్లు చెవీ కాదు, పన్నూ కాదు. రెండింటికీ పొరుగున ఉన్న దవడ కీలు, దాన్ని ఆడించే కండరాలు.

కీలు పనితీరు

చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు ఆనించి నోరు తెరవండి. లోపల కదిలేదే దవడ కీలు. ఇది తలుపు బందులా తిరుగుతుంది, సొరుగులా ముందుకూ జారుతుంది. ఎముకల మధ్య ఒరిపిడి లేకుండా ఒక మెత్తని బిళ్ళ ఉంటుంది. అది కాస్త పక్కకు జరిగి, నోరు తెరిచినప్పుడు మళ్ళీ చోటు చేరుకుంటే 'టక్' మంటుంది. నొప్పి లేకుండా, నోరు బాగా తెరుచుకుంటున్నంత కాలం ఆ శబ్దానికి వైద్యం అక్కర్లేదు.

నొప్పి రెండు విధాలు

ఎక్కువమందికి వచ్చేది కండరాల నొప్పి. చెంపలు, కణతలు బరువుగా సలుపుతాయి. నిద్రలో పళ్ళు కొరికేవారిలో, పగలు తెలియకుండా పళ్ళు బిగించేవారిలో ఇది కనిపిస్తుంది. మార్చి నెలాఖరు లెక్కల ముగింపు రోజుల్లో మా బ్యాంకులో ఎవరి దవడలు చూసినా బిగుసుకునే ఉంటాయి! పని లేనప్పుడు పెదవులు కలిసి ఉండాలి గాని, పళ్ళు కలవకూడదు.

రెండోది కీలు లోపలి పొర వాచి వచ్చే నొప్పి. పొర రేగినప్పుడు ప్రోస్టాగ్లాండిన్ల వంటి పదార్థాలు ఊరి నరాల కొసలను రెచ్చగొడతాయి. చెవి ముందు సరిగ్గా కీలు మీద నొక్కితే నొప్పి తెలుస్తుంది. వాపు పైకి కనిపించకపోవచ్చు. నొప్పి నెలల తరబడి సాగితే నరాలు అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయి. వాపు తగ్గినా బాధ మిగులుతుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదు కనుక "అంతా నీ భ్రమ" అని ఇంట్లో ఆడవారిని కొట్టిపారేయడం న్యాయం కాదు.

ముందు చేయవలసినవి

కొద్ది రోజులు ఇడ్లీ, ఉప్మా, పెరుగన్నం వంటి మెత్తని ఆహారం తినండి. చెరకు, చిక్కీ, వక్క, చూయింగ్ గమ్ మానండి. ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించండి. చెంపకు పావుగంట వేడి కాపడం పెట్టండి. నోరు కట్టేసుకోకుండా దవడను నెమ్మదిగా ఆడిస్తుండండి. ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు వాపు తగ్గిస్తాయి గాని కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోరాదు. చాలామందికి ఈ మాత్రం జాగ్రత్తలతోనే ఉపశమనం కలుగుతుంది.

వెనక్కి తీసుకోలేని వైద్యం

1980 దశకంలో అమెరికాలో బిళ్ళ స్థానంలో ప్రోప్లాస్ట్-టెఫ్లాన్ అనే కృత్రిమ పదార్థాన్ని అమర్చారు. నమిలే ఒత్తిడికి అది అరిగి ముక్కలయింది. శరీరం ఆ ముక్కల మీద తిరగబడటంతో ఎందరికో కీలు ఎముకే అరిగిపోయింది. 1990లో అక్కడి ప్రభుత్వ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. అప్పటికే జరిగిన నష్టాన్ని పూడ్చడం కష్టమైంది.

నొప్పి మూడు నెలలు దాటినవారి కోసం 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ మార్గదర్శకాలు ప్రచురించింది. శిక్షణ పొందినవారు నేర్పే దవడ వ్యాయామాలు, చేతితో చేసే చికిత్స, నొప్పిని తట్టుకునేలా ఆలోచననూ అలవాట్లనూ మార్చే చికిత్స వాటిలో ముందు వరుసన ఉన్నాయి. బిళ్ళను తీసివేసే ఆపరేషన్ వద్దని అవి గట్టిగా చెప్పాయి.

రద్దు చేసుకునే వీలులేని కాగితం మీద సంతకం పెట్టేముందు మరొకసారి చదవమని మా ఖాతాదారులకు చెబుతుంటాను. పన్ను పీకడం, పళ్ళు అరగదీయడం, కీలు కోయడం అలాంటి కాగితాలే. మరో డాక్టరు అభిప్రాయం తీసుకోండి.

ఆలస్యం చేయకూడనివి

నడిస్తే దవడ లాగడం, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. యాభై దాటినవారికి నమిలేటప్పుడు దవడ నొప్పితో పాటు కొత్తగా తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే ఆ రోజే చూపించుకోవాలి. జ్వరంతో చెంప వాచినా, నోరు ఉన్నట్టుండి బిగుసుకుపోయినా అంతే.

గుట్కా, వక్క నమిలేవారికి కారం తింటే నోరు మండుతూ, నోరు తెరుచుకోవడం క్రమంగా తగ్గితే అది కీలు జబ్బు కాకపోవచ్చు. నోటి లోపలి పొర గట్టిపడే జబ్బు కావచ్చు. అది క్యాన్సరుకు దారితీయవచ్చు. సాధారణంగా మన మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాలి. ఈ పూటే ఇంట్లో అందరూ చూసుకోండి.