మత్తులో రక్తపీడనము – హృదయలయ

శస్త్రచికిత్సకై మత్తుమందు ఇచ్చినపుడు రక్తపీడనము తగ్గుట సామాన్యము. ఆ తగ్గుదల వలన హృదయమునకు హాని కలుగునా అను ప్రశ్న ఒకప్పుడు తెలుగునేల మీదనే ప్రపంచ వైద్యుల వాదమునకు కారణమైనది.

హైదరాబాదు వైద్యపాఠశాలను నడపిన ఎడ్వర్డ్ లారీకి క్లోరోఫారముపై గాఢ విశ్వాసము. అచట 1888లో ఒక పరిశోధక సంఘమును, 1889లో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ధనసహాయముతో రెండవ సంఘమును పనిచేసినవి. రెండవదానికి లండనులోని లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్‌ను పంపెను. క్లోరోఫారము వలన ముందు ఆగునది ఊపిరియే గాని గుండె కాదనియు, రక్తపీడనము తగ్గుట దానంతట అపాయకరము కాదనియు ఆ సంఘము తేల్చెను. ఊపిరిని కనిపెట్టి యుండవలెనను బోధ మేలైనదే. తీర్పు మాత్రము అసంపూర్ణము. 1911లో గుడ్‌మన్ లెవీ తేలికపాటి క్లోరోఫారము మత్తులోనున్న పిల్లులకు ఎడ్రినలిన్ ఇచ్చి, గుండె జఠరికలు లయదప్పి వడకి, రక్తమును నెట్టలేకపోవుటను చూపెను. పీడనమును, శ్వాసను కనిపెట్టిన చాలదు, లయను గూడ కనిపెట్టవలెనని దీనివలన తెలియుచున్నది.

హృదయలయ కుడి కర్ణికలోని ఒక చిన్న కణుపునందు పుట్టును. ఆ విద్యుత్ప్రేరణ కర్ణికలలో వ్యాపించి, కర్ణికా జఠరికల నడుమనున్న రెండవ కణుపుకడ క్షణకాలము నిలిచి, హిస్ కట్ట ద్వారా జఠరికలకు దిగును. కర్ణికలనుండి జఠరికలకు చేరు ఈ ప్రయాణము ఆరోగ్యవంతులలో 0.12 నుండి 0.20 సెకను పట్టును. ఇ.సి.జి. దీనిని చూపును.

1950 ప్రాంతమునుండి, రక్తస్రావము తగ్గించుటకై వైద్యులు బుద్ధిపూర్వకముగానే మందులతో పీడనమును దింపుచున్నారు. అయితే అన్ని మందుల పని ఒకటి కాదు. నైట్రోప్రుస్సైడ్ రక్తనాళములను వ్యాకోచింపజేయును. పీడనము తగ్గినదని మెడలోని ధమనులనుండి మెదడునకు వార్త పోయి, గుండె వేగము హెచ్చును, ప్రేరణ త్వరగా నడచును. ఎస్మొలాల్ వంటి బీటా నిరోధకములు ఇందుకు విరుద్ధముగా నడిమి కణుపుకడ ప్రేరణను ఆలస్యపరచును. హాలోథేన్ లయారంభ కణుపును మందగింపజేసి, ఎడ్రినలిన్‌కు గుండె చెదరునట్లు చేయును. పీడనము మరీ తగ్గినచో గుండెను పోషించు ధమనులలోని ప్రవాహము గూడ తగ్గును. ఇవి కలిసినచో బలహీన హృదయములలో ప్రేరణ దారిలోనే నిలిచిపోవచ్చును. కనుకనే శస్త్రచికిత్సాంతము వరకు ఇ.సి.జి.పై దృష్టి నిలిపి, నాడి మందగించినచో ఎట్రోపిన్ మొదలగు మందులను, అవసరమైనచో తాత్కాలిక పేస్‌మేకరును సిద్ధముగా నుంచుదురు.

చాలవరకు ఆంధ్రభూమి చుట్టియున్న పావగడ తాలూకాలోని తెలుగువారు పెద్ద శస్త్రచికిత్సలకు తుమకూరో, బెంగుళూరో, హిందూపురమో, అనంతపురమో పోవలసివచ్చును. తెలియని వైద్యునికడకు పోవునపుడు ఎటినొలాల్, మెటొప్రొలాల్, డిల్టియాజెమ్ వంటి మాత్రలు రోజూ మింగు సంగతి దాచరాదు. మాత్రల చీటీని, పాత ఇ.సి.జి.ని వెంట తీసికొని పోవలెను. భయపడి ఆ మాత్రలను తమంతట మానుటయు అపాయమే. ఉన్నట్టుండి మానిన బీటా నిరోధకము గుండెకు హాని తేగలదు. మత్తులోనున్నవాడు తన బాధను చెప్పుకొనలేడు. చెప్పవలసినదంతయు మెలకువలోనే చెప్పుట ప్రాణరక్షణకు తొలిమెట్టు.