ఉపనదే పెద్దదైన చోట

మోకిలలో ప్లాటు చూడటానికి వచ్చేవాళ్లు గండిపేట ఎంత దూరమని అడుగుతారు. ఈసీ సంగతి అడిగేవాళ్లు అరుదు. వాగుగానే పిలిపించుకునే ఆ ఏరు, లెక్క తీస్తే మూసీకంటే పెద్దింటిది.

మూసీ అనంతగిరి కొండల్లో పుట్టి, నవాబుపేట, శంకర్‌పల్లి వైపుగా వచ్చి గండిపేటలో (ఉస్మాన్‌సాగర్) ఆగుతుంది. ఈసీ దానికి దక్షిణాన, చేవెళ్ల, షాబాద్ ప్రాంతాల నీళ్లు తీసుకుని హిమాయత్‌సాగర్ చేరుతుంది. మొయినాబాద్ ఈ రెండు జలాశయాల నడుమ ఉంది. వాటిని దాటాక రెండు ఏర్లూ లంగర్‌హౌస్‌లో, 1948లో గాంధీజీ అస్థికలు కలిపిన బాపూఘాట్ దగ్గర ఒక్కటవుతాయి. అక్కడి నుంచి పేరు మూసీదే, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేదాకా.

ఇక లెక్క. గండిపేటకు నీరిచ్చే నేల 738 చదరపు కిలోమీటర్లు. హిమాయత్‌సాగర్‌కు నీరిచ్చేది సుమారు 1,300, అంటే రెట్టింపుకు కాస్త తక్కువ. పట్టే నీళ్లు మాత్రం తిరగబడ్డాయి: గండిపేటలో 3.9 టీఎంసీలు, హిమాయత్‌సాగర్‌లో 2.97. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, దాదాపు 2,830 కోట్ల లీటర్లు.

ఈ అంకెలను ఒకదానితో ఒకటి భాగిస్తే అసలు విషయం బయటపడుతుంది. ఎగువన మొత్తం నేలమీద 15 సెంటీమీటర్ల నీరు పారి వస్తే తప్ప ఖాళీ గండిపేట నిండదు. హిమాయత్‌సాగర్‌కు ఆరున్నర సెంటీమీటర్లు చాలు. కురిసిందంతా పారదు కదా, నేల తాగగా, చెరువులు ఆపుకోగా మిగిలిందే వస్తుంది. అయినా రెంటి తేడా అంతే ఉంటుంది. 2020 అక్టోబరు కుండపోతకు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. ఉస్మాన్‌సాగర్ గేట్లకు 2021 జులై దాకా ఆ అవసరం రాలేదు.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని మింగాక, విశ్వేశ్వరయ్య సూచనల మీద కట్టినవే ఈ రెండు ఆనకట్టలు: ఒకటి 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వరదను ఎగువనే ఆపి కొంచెం కొంచెంగా వదలడమే ఉద్దేశం. తాగునీరు అదనపు లాభం.

1996 మార్చి 8 నాటి జీవో 111 ఈ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దు గీసింది. విస్తీర్ణం సుమారు 1.32 లక్షల ఎకరాలు, అంటే 535 చదరపు కిలోమీటర్లు. రెండు ఏర్లకూ నీరిచ్చే నేలలో అది నాలుగో వంతు. ఏరు చిన్నదా పెద్దదా అని చూడలేదు, రెంటికీ ఒకటే పది కిలోమీటర్లు. కాగితం మీద గీయడానికి వలయం సులువు, నిజమే. నేల వాలు మాత్రం వలయంలా ఉండదు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను ఎత్తేసింది. మిగతా మూడు వంతుల నేల ఆ ఆంక్షల లెక్కలో మొదటినుంచీ లేదు. షాబాద్ చేనులో దున్నిన చాలు నుంచి కారే నీరు, నవాబుపేట కుంట అలుగు దూకే నీరు అక్కడివే.