కడలి క్రిందికి దిగుటకు ముందు

భూమిలోనికి దిగుట మన సాస్తి వారికి క్రొత్త కాదు. టోపీకి దీపము తగిలించుకొని బొగ్గు గనిలోనికి దిగిన తండ్రుల, తాతల మాటలు వినుచు పెరిగిన పిల్లలే మన పాఠశాలలో చదువుచున్నారు. సముద్రము మాత్రము మనకు దూరము. అయినను గని కార్మికుల కుటుంబములు ప్రయాణ రాయితీపై అండమాను దీవులను చూచి వచ్చుట ఈ నడుమ వాడుకయైనది. అచ్చట నీటి క్రింద ఊపిరి పీల్చుచు తిరుగు 'స్కూబా' విద్యను గూర్చి విద్యార్థులు మమ్ము తరచుగ అడుగుచున్నారు. పోదలచిన వారు ముందుగ ఏమి తెలిసికొనవలెనో, ఎట్లు ఏర్పాటు చేసికొనవలెనో ఇచ్చట వివరింపదలచితిమి.

వీపున మోసికొనిపోవు సిలిండరులో ప్రాణవాయువు ఉండునని పలువురు తలతురు. అది పొరపాటు. అందుండునది మనము పీల్చు మామూలు గాలియే. కాని మిక్కిలి ఒత్తిడితో కుక్కబడియుండును. ఈతగాడు కోరినపుడు కోరినంత గాలిని నోటికి అందించు సాధనమును 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాఁ అను నిరువురు నిర్మించిరి. నేటి పరికరములకు అదియే మూలము.

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాతావరణ పీడనము చొప్పున ఒత్తిడి పెరుగును. పది మీటర్ల క్రింద అది రెట్టింపగును గనుక, బాయిలు నియమము ననుసరించి, పైన ఒక లీటరుగ నుండు గాలి అచ్చట అర లీటరగును. తొమ్మిదవ, పదవ తరగతుల వారు దీనిని తిరుగవేసి చూడవలెను. పది మీటర్ల క్రింద నిండుగ గాలి పీల్చి, దానిని బిగబట్టి పైకి వచ్చిన, ఊపిరితిత్తులలోని గాలి రెట్టింపు చోటు కోరును; ఊపిరితిత్తులు చినుగును. అందుచేతనే నీటి క్రింద ఎన్నడును ఊపిరి బిగబట్టరాదన్నది మొదటి నియమమైనది. భయము కలిగినపుడు ఊపిరి బిగబట్టి పైకి దూకుట మనుష్య స్వభావము. ఆ స్వభావమును మాన్పుటకే శిక్షణ.

రెండవ చిక్కును కనుగొన్నది సముద్రములో కాదు, బొగ్గు గనిలో! ఫ్రాన్సులో ల్వార్ నది యొడ్డున షలోన్ అనుచోట త్రిజే అను ఇంజనీరు గని బావి త్రవ్వించుచుండగా ఇసుకలో నుండి నీరు ఊరి పని సాగకుండెను. ఆయన బావిని మూసి, లోనికి ఒత్తిడితో గాలి పంపి నీటిని వెనుకకు నెట్టెను. ఆ గాలిలో ఏడు గంటలు పనిచేసి వెలుపలికి వచ్చిన కూలీలలో ఇద్దరికి కీళ్ళలో తీవ్రమైన నొప్పులు కలిగినవని 1841లో వ్రాసెను. కారణము 1878 నాటికి పోల్ బేర్ అను శాస్త్రజ్ఞుని పరిశోధనల వలన తేటపడినది. ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తములో కరగును. ఒత్తిడి తటాలున తగ్గిన అది బుడగలుగ వెలువడును. గోలీసోడా మూత తీసినపుడు జరుగునది ఇదియే. మెల్లమెల్లగ పైకి వచ్చుటకు పట్టికలను 1908లో ఇంగ్లండు నౌకాదళము కొరకు సిద్ధపరచినవాడు హాల్డేను. గనిలోని విషవాయువును కనుగొనుటకు కానరీ పిట్టను వెంట గొనిపొమ్మని సలహా చెప్పినవాడును ఈయనయే. గనివాని ప్రాణమును, మునిగెడువాని ప్రాణమును ఒక్కరే తలచుట మాకు ముచ్చటగ నున్నది.

ప్రయాణపు లెక్కలో కుటుంబములు పొరపడునది ఇచ్చటనే. విమానములో గాలి ఒత్తిడి నేలమీద కంటె తక్కువ గనుక, మునిగిన వెంటనే విమానమెక్కిన నత్రజని బుడగలు పుట్టు భయము కలదు. ఒక్కసారి మునిగినవారు కనీసము 12 గంటలు, పలుమార్లు మునిగినవారు కనీసము 18 గంటలు నేలమీదనే ఉండవలెను. పూర్తిగ ఒక దినము విడుచుట మేలు. దీవులన్నియు చూచి చివరి దినమున మునిగెదమని అట్టిపెట్టుట మన వాడుక. దానిని తలక్రిందులు చేసి, మునుగుట మొదటనే ముగించి, కారాగారము, వస్తుప్రదర్శనశాల మొదలగువానిని కడపట చూడవలెను. ఓడపై తిరిగి వచ్చువారికి ఈ భయము లేదు. ఓడ సముద్రమట్టముననే పోవును గదా!

మునుగుటకు ముందు ఆరోగ్యమును గూర్చి ప్రశ్నలతో ఒక పత్రము ఇత్తురు. చదువకయే వ్రేలు చూపినచోట సంతకము చేయుట మన పెద్దలకు అలవాటు. ఈ పత్రమును పిల్లలు ప్రతి పంక్తియు తలిదండ్రులకు చదివి తెలుగులో చెప్పవలెను. ఉబ్బసము, గుండె జబ్బు, మూర్ఛ, చెవి రోగములు గలవారు వైద్యుని అనుమతి లేక దిగరాదు. గనులలో బొగ్గు దుమ్ము పీల్చిన తండ్రులు బయలుదేరుటకు ముందే ఛాతీ పరీక్ష చేయించుకొనవలెను; చెడిన ఊపిరితిత్తులలో గాలి చిక్కుకొనినచో, పైన చెప్పిన చినుగుట మెల్లగ వచ్చినను జరుగవచ్చును. డబ్బు కట్టితిమని దాచుట తగదు. జలుబు చేసినవారును ఆ పూట మానవలెను. దిగునపుడు ముక్కు మూసి మెల్లగ ఊది చెవుల ఒత్తిడి సరిచేసికొనుట వారికి సాగదు.

పదేండ్లు నిండని పిల్లలను సాధారణముగ దింపరు. శిక్షకుని చేయి పట్టుకొని 12 మీటర్ల లోపల చేయు తొలి మునుకకు ఈత రానక్కరలేదు. పత్రము పొందు శిక్షణకు మూడు నాలుగు దినములు పట్టును. 200 మీటర్లు ఈదుట, పది నిమిషములు తేలుట రావలెను. గాలి లెక్కయు చూడుడు: 12 లీటర్ల సిలిండరులో 200 రెట్ల ఒత్తిడితో సుమారు 2400 లీటర్ల గాలి పట్టును. నిమిషమునకు పైన 20 లీటర్లు పీల్చువాడు పది మీటర్ల క్రింద 40 లీటర్లు వాడును గనుక 60 నిమిషములు వచ్చును. నాలుగవ వంతు మిగుల్చుకొనవలెను గనుక 45 నిమిషములే. బెదరి ఎగపీల్చువానికి అంతయు రాదు.

బల్హార్షాలో రైలెక్కి చెన్నై చేరినచో, అచ్చటి నుండి విమానమున రెండు గంటలకు కొంచెము హెచ్చు. ఓడకు సుమారు మూడు దినములు. విశాఖపట్టణము నుండియు ఓడ కలదు గాని అరుదు. పోర్టుబ్లెయిరునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. మునుగుటకు ప్రసిద్ధమైన హేవలాక్ 2018 నుండి స్వరాజ్ ద్వీపము. పడవపై రెండు, రెండున్నర గంటల దూరము. భాషకు భయపడనక్కరలేదు. 2011 జనాభా లెక్కలలో ఆ దీవులలో నూటికి 13 మంది తెలుగువారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి వలసపోయినవారు పెక్కురు. మనవలె వేరు భాషల నడుమ తెలుగు నిలుపుకొనుచున్నవారు గనుక పలుకరించి రండు.

డిసెంబరు మొదలు ఏప్రిలు వరకు సముద్రము నెమ్మదిగ నుండును. పగడములు రాళ్ళు కావు, ప్రాణుల కట్టడములు. 2010లో నీరు వేడెక్కి అచ్చటి పగడములు విరివిగ తెల్లబారినవి. వానిపై కాలు మోపరాదు. ఏరి తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము.

ఇంకొక్క చిన్న సంగతి. ఆ దీవులు మనకు చాల తూర్పున నున్నను గడియారము మనదే. శీతకాలమున సాయంకాలము 5 గంటలకే ప్రొద్దు క్రుంకును. కావున ఉదయపు వేళకే మునుకను కుదుర్చుకొని, పడవ వేళలను ముందునాడే అడిగి వ్రాసికొనవలెను.